అద్దాల చీటీ చెప్పే ముప్పు

తెలంగాణలోని పెగడపల్లి వంటి మండలాల్లో బోర్డు మీది అక్షరాలు ఆనని పిల్లలకు ‘సైటు వచ్చింది’ అని అద్దాలు పెట్టించడంతో చాలా ఇళ్లలో ఆ సంగతి ముగిసిపోతుంది. వైద్యశాస్త్రం హ్రస్వదృష్టి అని పిలిచే ఈ స్థితిలో, సాధారణంగా 23, 24 మిల్లీమీటర్ల నిడివి ఉండే కంటిగుడ్డు వెనక్కు మరికొంత సాగడం వల్ల, వెలుగు రెటీనా మీద కాక దానికి ముందే కేంద్రీకృతమవుతుంది. అద్దం ఆ వెలుగును వెనక్కు జరపగలదే గాని, సాగిన గుడ్డును కుదించలేదు. నీటికాసుల ముప్పు ఆ సాగుడులోనే ఉంది.

నీటికాసులు, అంటే గ్లకోమా, చూపును మెదడుకు చేరవేసే దృష్టినాడి క్రమంగా క్షీణించే వ్యాధి. దాదాపు పది లక్షల సన్నని పోగులతో ఏర్పడిన ఈ నాడి గుడ్డు వెనుక గోడలోని జల్లెడ వంటి పొర గుండా బయటికి వెళ్తుంది. సాగిన కంటిలో ఆ జల్లెడ పలచబడి, నాడీముఖం ఒక పక్కకు ఒరిగి ఉంటుంది కనుక, మామూలు కన్ను తట్టుకునే ద్రవపీడనమే ఇక్కడ పోగులను నలిపివేయగలదని పరిశోధకులు భావిస్తున్నారు. 1999లో వెలువడిన ఆస్ట్రేలియా బ్లూ మౌంటెన్స్ అధ్యయనంలో హ్రస్వదృష్టి లేని కళ్లలో 1.5 శాతానికి, కొద్దిగా ఉన్నవాటిలో 4.2 శాతానికి, అంతకు మించి ఉన్నవాటిలో 4.4 శాతానికి గ్లకోమా కనిపించింది. హ్రస్వదృష్టి ఉన్నవారిలో అత్యధికులకు ఈ వ్యాధి రాదన్న ఊరట కూడా ఈ అంకెల్లోనే ఉంది.

అయితే వచ్చినవారికి వచ్చినట్టు తెలియకపోవడమే అసలు బాధ. 1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో భాగంగా హైదరాబాదులో ఇలా నెమ్మదిగా ముదిరే తరహా గ్లకోమా నిర్ధారణ అయిన 27 మందిలో, ఆ సంగతి ముందే తెలిసినవారు ఇద్దరే. పైగా ఎక్కువమందిలో కంటిపీడనం సాధారణమనుకునే హద్దులోనే ఉంది. కాబట్టి పీడనం కొలిచి పంపేస్తే చాలదు, కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి నాడిని చూడాలి. ఒరిగిన నాడీముఖం జబ్బు లేకున్నా జబ్బున్నట్టే కనిపించి వైద్యులనూ తికమకపెడుతుంది గనుక, ఏటేటా తీసిన ఫొటోలను, చూపుపరిధి పరీక్షలను పక్కపక్కన పెట్టి పోల్చవలసి వస్తుంది.

అయితే మైనస్ సైటు, అంటే హ్రస్వదృష్టి, ప్రతిసారీ గుడ్డు సాగడం వల్లే రాదు. అరవై దాటిన కొందరు ఉన్నట్టుండి అద్దాలు లేకుండానే సూదిలో దారం ఎక్కించగలుగుతారు, చూపు తిరిగొచ్చిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. శుక్లం ముదిరి కంటికటకం మధ్యభాగం గట్టిపడడం వల్ల వచ్చే మైనస్ అది. గుడ్డు సాగలేదు కనుక పైన చెప్పిన ముప్పు దానికి వర్తించదు. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన ‘కంటి వెలుగు’ వంటి శిబిరాల్లో రాసిచ్చే చీటీ మీద మాత్రం రెండూ ఒకే మైనస్ గుర్తుతో కనిపిస్తాయి.

దీనికి తిరగబడ్డ చిక్కు మరొకటుంది. చిన్ననాటి నుంచి మైనస్ 8 అద్దాలు వాడిన మనిషికి శుక్లం ఆపరేషన్‌లో తగిన కటకం అమర్చితే దూరం చూపుకు అద్దాలు దాదాపు అక్కర్లేకుండా పోతాయి, లాసిక్ అనే లేజర్ చికిత్స చేయించుకున్న యువకుడికీ అంతే; పైగా లాసిక్‌తో నల్లగుడ్డు మీది పారదర్శక పొర పలచబడడం వల్ల కంటిపీడనం ఉన్నదానికంటే తక్కువగా నమోదవుతుంది. గుడ్డు మాత్రం సాగినట్టే ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడో కొత్త డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, బీరువా అడుగున పడివున్న పాత అద్దాల చీటీ ఆ సంగతిని మొదటి చూపులోనే చెప్పగలదు.