లైసెన్సుపై తప్పుల లెక్క

నర్సీపట్నము నుండి చింతపల్లికి పోవు ఘాటు రోడ్డుపై, ఒక్క మలుపు వద్ద డ్రైవరు ఏమరుపాటు బండిలోని వారందరికిని ప్రాణాపాయము కాగలదు. తప్పు చేసిన డ్రైవరుకు జరిమానా విధించుట పాత పద్ధతి. కాని జరిమానా చెల్లించినవాడు మరునాడే మరల అదే తప్పు చేయవచ్చును. ఈ లోపమును తీర్చుటకై పలు దేశములలో ఏర్పడినదే పాయింట్ల పద్ధతి.

దీని సూత్రము సులభమైనది. ప్రతి తప్పునకును దాని తీవ్రతను బట్టి కొన్ని పాయింట్లు లైసెన్సుదారుని పేర నమోదగును. నిర్ణీత కాలములో అవి ఒక హద్దును చేరినచో లైసెన్సు కొంతకాలము చెల్లదు. జరిమానా ఒకనాటి తప్పును శిక్షించును. పాయింట్లు తప్పు చేయు అలవాటును పట్టియిచ్చును. బ్రిటనులో మూడేండ్లలో 12 పాయింట్లు చేరినవారు సాధారణముగా కనీసము ఆరు నెలలు వాహనము నడుపరాదు. ఫ్రాన్సులో 1992 నుండి లెక్క వెనుకకు నడచుచున్నది: అచ్చట పూర్తి లైసెన్సునకు 12 పాయింట్లుండును, తప్పు జరిగినకొలది అవి తరిగిపోవును.

తెలుగునాట ఈ పద్ధతి 2017 ఆగస్టు 1వ తేదీన తెలంగాణలో ప్రారంభమైనది. హెల్మెట్టు లేనిచో 1, ఆటోలో పరిమితికి మించి జనమును ఎక్కించినచో 1, ఎదురుదారిన నడిపినచో 2 పాయింట్లుగా నిర్ణయించిరి. త్రాగి మోటారు సైకిలు నడిపినవానికి 3, కారు నడిపినవానికి 4, బస్సు నడిపినవానికి 5 పాయింట్లు. ఎందరి ప్రాణములు చేతిలోనున్నవో, అంత బాధ్యత అన్నమాట. 24 నెలలలో 12 పాయింట్లు చేరినచో లైసెన్సు ఒక సంవత్సరము నిలిచిపోవునని ఆనాటి నిబంధన. రెండు నెలలకొకసారి అదనపు జనముతో పట్టుబడిన ఆటో డ్రైవరు సైతము రెండేండ్లలో ఈ హద్దును తాకును.

పాయింట్ల లెక్క ఉన్నను లేకున్నను, లైసెన్సును నిలిపివేయు అధికారము 1988 మోటారు వాహనముల చట్టమందే కలదు. అతివేగము, త్రాగి నడుపుట, నడుపుచు ఫోనులో మాటలాడుట, సరుకుల బండిలో మనుష్యులను ఎక్కించుట మున్నగు తప్పులకు కనీసము మూడు నెలలు లైసెన్సు నిలిపివేయవలెనని 2015లో సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా సంఘము రాష్ట్రములను ఆదేశించినది. 2019 సవరణ ననుసరించి హెల్మెట్టు ధరింపనివారు సైతము మూడు నెలలు లైసెన్సునకు అనర్హులు కాగలరు.

అయినను, లైసెన్సు నిలిపివేయుటకు ముందు అధికారి డ్రైవరు చెప్పుకొనునది వినవలెను. ఉత్తర్వు అందిన 30 దినములలో దానిపై అప్పీలు చేసికొనవచ్చును. తప్పు చేయలేదని నమ్మువారు ఈ గడువును జారవిడువరాదు.

అద్దె ఆటోను, లారీని నడిపి బ్రతుకు సోదరులు ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. ఇంకొక నలుగురిని ఎక్కించుమని యజమాని తొందరపెట్టవచ్చును. జరిమానా పడినచో అతడే చెల్లింపవచ్చును. లైసెన్సు మాత్రము డ్రైవరుదే. అది నిలిచిన నెలలలో పస్తులుండునది డ్రైవరు కుటుంబమే.