ఏజెన్సీ అనగా...

నర్సీపట్నంలో ఏ పిల్లవాణ్ణయినా "ఏజెన్సీ" అంటే ఏమిటని అడగండి. చింతపల్లి కొండలకేసి వేలు చూపిస్తాడు. నిఘంటువులో కొండా లేదు, అడవీ లేదు; ఒకరి తరఫున మరొకరు పని నడపడమని ఉంటుంది. మరి ఈ అర్థం ఎక్కణ్ణించి వచ్చిందంటారా? 1839 చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల మన్యంలో మామూలు కోర్టుల అధికారం తీసేసి, గవర్నరుగారి ఏజెంటు హోదాలో కలెక్టరుకే అప్పగించారు. ఏజెంటు ఏలుబడిలోనిది ఏజెన్సీ! దొరలు పోయారు, పేరు ఉండిపోయింది. (బజారులోని గ్యాసు ఏజెన్సీ సంగతి వేరు లెండి.)

మొన్న కొండమీదనుంచి వచ్చి చదువుకుంటున్న విద్యార్థిని అడిగింది: "తన ఇష్టప్రకారం తాను నడుచుకునే శక్తిని కూడా ఏజెన్సీ అంటారట. నిజమేనా మాష్టారూ?"

నిజమేనమ్మా అన్నాను. 1922లో సీతారామరాజుగారి వెంట చింతపల్లి ఠాణా తుపాకులు పట్టుకుపోయిన మన్యంవారిది అదే. మన ఊళ్ళో "ఏజెన్సీవాళ్ళు" అనే నోటికి మాత్రం ఆ అర్థం తట్టదు.