ఉద్దానపు రైతు: కార్తెల ననుసరించి పనుల విభజన

టెక్కలి, పలాస ప్రాంతములందును, ఉద్దానపు తీరగ్రామములందును భూమిగల రైతులను విచారించినచో, పనులకు తీరిక చాలుటలేదని చెప్పనివారరుదు. అయినను సంవత్సరాంతమున లెక్క చూచుకొనగా ఊడ్పులు పదునైదు దినములు ఆలస్యమైనవనియు, జీడిపిక్కలు చెట్లక్రింద గడ్డిలో పడి పాడైనవనియు, కొబ్బరి పాదులకు ఎరువు వేయనేలేదనియు తేలుచుండును. ఇట్టి రైతు సోమరి కాడు. తెల్లవారకముందే లేచి చీకటిపడిన పిదప ఇల్లు చేరువాడే. అతడు పనులను అవి మీదపడినప్పుడు చేయుచున్నాడే గాని, రాబోవు పనులను ముందుగా లెక్కించి పంచుకొనుట లేదు. లోపమంతయు నిందే యున్నది.

సూర్యుడు నక్షత్రములయందు సంచరించు క్రమమునుబట్టి పెద్దలు సంవత్సరమును 27 కార్తెలుగా విభజించిరి. ఒక్కొక్క కార్తె 13 లేక 14 దినములుండును. ఇవి సూర్యునిబట్టి ఏర్పడినవగుటచే తిథులవలె ముందువెనుకలు గాక ఇంగ్లీషు తేదీలతో ఏటేట సరిపోవుచుండును. మృగశిర జూను 7, 8 తేదీలకును, ఆర్ద్ర జూను 21, 22 తేదీలకును, హస్త సెప్టెంబరు 26, 27 తేదీలకును, చిత్త అక్టోబరు 10, 11 తేదీలకును ప్రవేశించును. రైతునకు గడియారముకంటె ఈ కొలతయే ఎక్కువ ఉపయోగకరము. దినమునకెన్ని గంటలు పాటుపడితిమన్నది కాక, ఏ పని ఏ కార్తెలో ముగియవలెనో, అందులకెందరు మనుష్యులు కావలెనో చూచుకొనవలయును.

కేవలము మాగాణి గల ప్రాంతములకంటె ఉద్దానమున ఈ లెక్క కొంత చిక్కైనది. ఉద్యానవనమను మాటనుండియే ఈ ప్రాంతమునకా పేరు వచ్చినదని చెప్పుదురు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస మొదలగు చోట్ల అనేకులకు మెట్టున కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలును, పల్లమున వరిచేనును కలవు. తొలకరి పడినంతనే తోట ఎరువునడుగును, పల్లము నాగలినడుగును. ఉన్న కంబారి యొక్కడే, ఎద్దులజత యొక్కటే. పనివారిలో పలువురు దూరదేశములకు వలసపోవుచుండుటచే కూలీలును తగినంత దొరకుట లేదు. కావున తొలకరికి చేయవలసిన వానిలో వానతో నిమిత్తము లేని పనులను ముందే ముగించుకొనుట మేలు. పశువుల ఎరువును కృత్తిక, రోహిణి కార్తెలలోనే బండ్లపై తోట గట్టునకు చేర్చి కప్పియుంచినచో, మృగశిరలో పాదులు త్రవ్వి ఎరువు వేయుట మాత్రమే మిగులును. విత్తనములు, మేడితోక, త్రాళ్ళు మొదలగునవియు అప్పుడే సరిచూచుకొనవలయును. వాన కురియుచుండగా వడ్రంగి యింటికి పరుగెత్తు రైతు ఆ దినమును ఎట్లును పోగొట్టుకొనును.

వరి విషయమున ఆకుమడి యొద్దనే చాలమంది పొరపడుచున్నారు. ఒక రైతునకు ఎనిమిది ఎకరముల పల్లము కలదనుకొందము. పదిమంది కూలీలు దినమునకొక ఎకరము ఊడ్తురనుకొనినను, అతనికి దొరకువారు అయిదుగురే యైనచో పని ముగియుటకు 16 దినములు పట్టును. అతడు విత్తనమంతయు ఒక్కనాడే చల్లియుండెనేని, మొదటి మడికి 30 దినముల నారు పడగా కడపటి మడికి 45 దినముల నారు పడును. ముదిరిన నారు తగినన్ని పిలకలు వేయదు. అనగా కూలి, ఎరువు, నీరు అన్నిటికిని సమముగనే వెచ్చించి, కడపటి మడులలో తక్కువ పండించుకొనుచున్నాడన్నమాట. ఆ విత్తనమునే రెండు భాగములు చేసి ఎనిమిది దినముల యెడముతో చల్లినచో, అయిదుగురు కూలీలతోనే అంతయు లేతనారు ఊడ్వవచ్చును. ఇందులకు అదనపు వ్యయ మేమియు లేదు. ఊరంతయు ఒకే వారమున కూలీలకై పోటీపడి కూలిరేటు పెంచుకొనుటయు కొంత తగ్గును.

తొందరపడుటయు ఒక్కొక్కప్పుడు నష్టమే. ఈ తీరమున చిత్తకార్తె ప్రవేశసమయము మిక్కిలి భయంకరమైనది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురమువద్దను, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్దను తీరముదాటెను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపముననే గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముగల గాలులతో తీరముదాటి, ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలమట్టము చేసెను. మూడును హస్త ముగిసి చిత్త ప్రవేశించు సంధిలోనివే. ప్రతి సంవత్సరమును ఇట్లే జరుగునని కాదు గాని, జరిగినచో ఆ వారముననే జరుగుట కవకాశ మెక్కువయని రైతు తలచుట యుక్తము. 120 దినముల వరిని మృగశిరలో చల్లినచో సరిగా చిత్తలో కోతకు వచ్చును. పండిన చేను గాలికి పడిపోయి నీట మునిగినచో గింజ మొలకెత్తును. 150 దినముల రకమును అప్పుడే చల్లినచో అదే వారమున పూతమీద నుండును. పూతయు గాలివానకోర్వదు. ఆపదను పూర్తిగా తప్పించుకొను ఉపాయము లేదు. కాని వేరువేరు కాలపరిమితులుగల రెండు రకములను, రెండు తడవలుగా వేసినచో చేనంతయు ఒకే దశలో చిక్కుకొనదు. ఆకుమడిని రెండుగా చల్లుటకు కూలీల లెక్క యొక కారణము కాగా, ఇది రెండవది.

కావున హస్తకార్తెను రైతు తన సంవత్సరమునకు గడువుగా పెట్టుకొనవలయును. పల్లములో మురుగుకాలువలు బాగుచేయుట, ముదిరిన కొబ్బరికాయలను దింపుట, ఎండుమట్టలను తీయుట, పశువులశాల కప్పు బిగించుట హస్తలోపల ముగియవలయును. జీడిచెట్లలో ఎండిన కొమ్మలను, ఒకదానినొకటి ఒరసికొను కొమ్మలను పంట ముగిసిన తరువాత, పుష్యమి, ఆశ్లేష కార్తెలలో వరిపని కొంత తెరపియిచ్చినప్పుడు కొట్టివేయవచ్చును. ఈ చిన్నపనుల విలువ తుపాను వచ్చిననాడు గాని తెలియదు. కూలిన కొబ్బరిచెట్టు స్థానమున నాటిన నాటురకపు మొక్క కాపునకు వచ్చుటకు ఆరేడు సంవత్సరములు పట్టును. నాలుగు దినముల పనిని వాయిదావేసి ఆరేండ్ల ఫలమును పోగొట్టుకొనినవారు ఈ ప్రాంతమున లేకపోలేదు.

జీడిపంట ఫాల్గుణమున ప్రారంభమై వైశాఖమువరకు సాగును. ఇచ్చట కాలము ఆదాచేయు మార్గము మిక్కిలి సులభము. పిక్క రాలకముందే చెట్టుక్రింద గడ్డి, ఆకులు తీసి నేల చదునుచేసినచో, ఏరుటకు పట్టు కాలము ఎంతో తగ్గును. గడ్డిలో వెదకు కూలీకి ఇచ్చునది వెదకుటకు కూలియే గాని ఏరుటకు కాదు. పచ్చిపండ్లను దులుపక, రాలినవానినే ఏరి, పండునుండి పిక్కను వేరుచేసి, రెండుమూడు దినములు బాగుగా ఎండబెట్టవలయును. గంపెడు పిక్కలు చేరినప్పుడెల్ల పలాసకు మోసికొనిపోవుటకంటె, 80 కిలోల బస్తాలు నిండినపిదప ధర విచారించుకొని అమ్ముట మేలు.

కచేరీపనులయందును ఇట్టి వ్యర్థప్రయాణములే యధికము. టెక్కలిలోను, 2022 నుండి పలాసలోను రెవెన్యూ డివిజను కచేరీలు కలవు. ఊడ్పులనాడు చేను విడిచి, చేతిలో పాసుపుస్తకము లేక, సర్వేనంబరు తెలియక, ఊరిపేరు మాత్రము చెప్పుకొని తిరిగిపోవు రైతులు ప్రతిదినమును కానవచ్చుచుందురు. భూమిపత్రముల పనులన్నిటిని ఒక కాగితముపై వ్రాసికొని, పుష్యమాసమున నూర్పులు ముగిసినపిదప ఒక్కమారే చక్కబెట్టుకొనవచ్చును.

ఇక దినములోని వేళలను గూర్చి. ఉద్దానమున మూత్రపిండవ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో రైతులకు చెప్పనక్కరలేదు. 2023 డిసెంబరులో పలాసలో ఈ వ్యాధికై పరిశోధనాకేంద్రమును, ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. వ్యాధికి నిశ్చితమైన కారణమింకను తేలలేదు. కాని మండుటెండలో చెమటోడ్చుచు, నీరు త్రాగక పనిచేయుట మూత్రపిండములకు కీడనుట నిస్సంశయము. ఒళ్ళునొప్పులకు దినదినమును నొప్పిమాత్రలు మ్రింగుటయు అట్టిదే. పిక్కలేరుట, పాదులు త్రవ్వుట రెండును ఎండకాలమున పడునవి. వానిని తెల్లవారుజామున మొదలుపెట్టి పదిగంటలలోపల నిలిపి, తిరిగి సాయంకాలము నాలుగు గంటలకు సాగించినచో పని తగ్గదు. మిట్టమధ్యాహ్నమున కూలీలను నిలువబెట్టు రైతు పూర్తికూలి ఇచ్చి సగముపని పొందును. మంచినీటి కుండను తోటకు పంపుట దయాధర్మమనియే తలపనక్కరలేదు. పదిమంది ఒక్కొక్కరుగా దూరపు నూతికి పోయివచ్చుటలో పోవు కాలమును లెక్కించిన చాలును. యజమానుడు తానును ఆ వేళలనే పాటింపవలయును. వ్యాధిగ్రస్తుడైన రైతు వారమునకు రెండుమూడు మారులు రక్తశుద్ధికై ఆసుపత్రికి పోవలసినవాడగును. అట్టి యింట కార్తెల లెక్క యంతయు తారుమారగును.

ఈ విభజన జ్ఞాపకముమీద సాగదు. ఒక సాధారణపు నోటుపుస్తకము తీసికొని, కార్తెకొక పుటచొప్పున 27 పుటలపై కార్తెల పేర్లును తేదీలును వ్రాసియుంచవలయును. పుటకు ఎడమప్రక్క చేయవలసిన పనులు, కుడిప్రక్క చేసిన తేదీ, వచ్చిన కూలీల సంఖ్య, ఇచ్చిన కూలి. క్రింద వాననుగూర్చి ఒక పంక్తి చాలును. చదువురాని రైతు బడికిపోవు బిడ్డచే రాత్రిపూట వ్రాయించుకొనవచ్చును. మొదటి సంవత్సరము ఎడమప్రక్క వ్రాసినవానిలో సగమును కుడిప్రక్కకు చేరవు. అందుకు విసిగి పుస్తకమును అటకపై వేయరాదు. ఏ పుటలో పనులు ఎక్కువగా మిగిలినవో చూచి, రెండవ సంవత్సరము వానిలో కొన్నిటిని ముందుపుటకు జరుపవలయును. అశ్వినికార్తె ఏప్రిలు 13, 14 తేదీలకు ప్రవేశించును గనుక పుస్తకమునానాడే తెరచుట అనుకూలము. ఎరువు తోలుటకు అప్పటికింకను నెలదినముల వ్యవధి యుండును.