అగ్నిపర్వతం లేని ఊళ్లో లావా రాయి

ఢిల్లీలో వసంత్ కుంజ్ చుట్టూ, జేఎన్‌యూ ప్రాంగణంలో, సంజయ్ వన్‌లో నేలను చీల్చుకుని పైకి లేచిన బండలు ఎర్రగా, కాలి కమిలినట్టు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇక్కడ అగ్నిపర్వతం పేలి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. పేలలేదు. ఈ రాయి క్వార్ట్‌జైట్. నూరు కోట్ల ఏళ్లకు ముందే నీటి అడుగున పేరుకున్న ఇసుక, భూమి లోతుకు దిగి, వేడికీ ఒత్తిడికీ గట్టిపడి ఇలా మారింది. కొన్ని బండల మీద ఆనాటి అలలు గీసిన చాళ్లు ఇంకా చెరిగిపోలేదు. ఆ ఎరుపు ఇనుము తుప్పుది.

అలాగని కరిగిన శిల ఈ ఆరావళి గుట్టల జోలికి రాలేదని కాదు. పగుళ్లలోకి చొరబడి, పైకి పొంగకుండా లోపలే చల్లారిపోయింది. తెల్లగా మెరిసే ఆ చారలను పెగ్మటైట్ అంటారు. నీరు ఎక్కువగా ఉన్న ద్రవం కావడంతో స్ఫటికాలు పెద్దవిగా పెరిగాయి. వసంత్ విహార్ దగ్గర జీవవైవిధ్య ఉద్యానంగా మారిన నేలలో ఒకప్పుడు తవ్విన అభ్రకం ఇలాంటి చారల్లోదే. మన గూడూరు అభ్రకమూ ఈ జాతి శిలలోదే.

అగ్నిపర్వత శిల అనాలంటే ద్రవం పైకి వచ్చి త్వరగా చల్లారాలి. స్ఫటికాలకు పెరిగే వ్యవధి ఉండదు, రాయి సన్నని రేణువులతోనో గాజులాగో మిగులుతుంది. వసంత్ కుంజ్‌కు అలాంటి శిల దొరికే దగ్గరి చోట్లలో ఒకటి హర్యానాలోని తోషాం కొండ, పడమరగా సుమారు 125 కిలోమీటర్లు. అది రయొలైట్, వయసు దాదాపు 75 కోట్ల ఏళ్లు. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటను మోస్తున్న మలానీ శిలలకు చుట్టమే. రయొలైట్‌లో సిలికా 70 శాతం పైమాటే. సిలికా పెరిగేకొద్దీ ద్రవం చిక్కబడుతుంది, లోపలి వాయువులు తప్పించుకోలేవు, చివరికి కొండ బద్దలవుతుంది. ఆకాశానికెగసిన బూడిద నేల మీద పడ్డాక, తన వేడికి తానే అతుక్కుని రాయవుతుంది.

బసాల్ట్ తీరు వేరు. సిలికా 50 శాతం దగ్గరే ఉంటుంది కనుక పలచన, పారుతుంది. 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ కనుమల వైపు నేల నిలువునా పగిలి, కొండంటూ లేకుండానే లావా పొంగింది. ఈనాటికీ ఆ బసాల్ట్, అంటే దక్కన్ నల్లరాయి, 5 లక్షల చదరపు కిలోమీటర్లలో పరచుకుని ఉంది. ఆదిలాబాద్, వికారాబాద్ నల్లరేగడి భూములు దాని పుణ్యమే.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం రాజమండ్రి. కాతేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయి ఉంది, చుట్టుపక్కల అగ్నిపర్వతం జాడ మాత్రం లేదు. అగ్నిపర్వత శాస్త్రవేత్త స్టీఫెన్ సెల్ఫ్, ఆయన సహచరులు 2008లో ఆ రాయి రసాయనాన్నీ, అందులో నిలిచిపోయిన అయస్కాంత దిశనీ పరిశీలించి, అది పశ్చిమ కనుమల్లోని మహాబలేశ్వరం వైపు లావాతో సరిపోలుతోందన్నారు. అంటే దాదాపు వెయ్యి కిలోమీటర్లు, పాత నదీలోయల వెంట పారి వచ్చిందన్నమాట! కాచిన పాల మీద మీగడ కట్టినట్టు పైపొర గట్టిపడితే, దాని కింద లావా వేడి పోగొట్టుకోకుండా ఎంతో దూరం సాగగలదు. అక్కడికక్కడే పుట్టిందన్న వాదనా ఉంది గాని, రసాయనం ఇంత దగ్గరగా కలిశాక అది నాకు బలంగా తోచదు.

ఆ క్వారీల్లో రెండు లావా పొరల నడుమ సముద్రపు మట్టి, సున్నపురాయి ఉన్నాయి, ఆల్చిప్పలతో సహా. లావా ఒకసారి ఆగాక సముద్రం ముందుకొచ్చి, మళ్లీ లావా వచ్చిందని దానర్థం. ఆ నడిమి పొరలో భూశాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం డైనోసార్లు అంతరించిన వెంటనే బతికిన సూక్ష్మజీవుల గుల్లలను గుర్తించింది. కింది లావా ఆగిన కాలం ఆ మహావినాశానికి చాలా దగ్గరిదని దీన్నిబట్టి తేలింది. ఆ వినాశానికి కారణం ఉల్కా, లావానా, రెండూనా అన్న చర్చలో గోదావరి ఒడ్డు సాక్ష్యానికి అంత విలువ రావడానికి కారణం ఇదే.

ఆ క్వారీల రాయి కంకరగా రోడ్లకు పోతోంది. మంగంపేట బెరైటీస్‌కూ, తిరుమల శిలాతోరణానికీ జాతీయ భూవైజ్ఞానిక స్మారక గుర్తింపు ఇచ్చినట్టే, ఇక్కడ కనీసం ఒక్క క్వారీ గోడనైనా, రెండు లావా పొరలూ నడుమ సముద్రపు మట్టీ కనిపించేలా, తవ్వకుండా వదిలేయాలి.