మోల్/గంట బదులు కిలోమోల్/గంట సెలెక్ట్ చేస్తే? కన్వర్టర్ యాప్ వాడే ముందు ఇది చదవండి

ఫోన్‌లో యూనిట్ కన్వర్టర్ యాప్ లేనివాళ్లు మనలో తక్కువే. అడుగులు మీటర్లలోకి, పౌండ్లు కిలోల్లోకి మార్చడం వరకు ఓకే. మోలార్ ఫ్లో రేట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం డ్రాప్‌డౌన్‌లో ఒక్క లైన్ తప్పు ఎంచుకున్నా కొంప మునుగుతుంది. నాకు దాదాపు అదే జరిగింది. అందుకే ఈ ఆర్టికల్.

అసలు ఏం జరిగింది?

మాది రావులపాలెం. అరటి మార్కెట్‌కి పేరున్న ఊరు. మా బాబాయ్‌కి చిన్న రైపెనింగ్ ఛాంబర్ ఉంది. కాల్షియం కార్బైడ్‌తో కాయలు మగ్గబెట్టడం నిషేధం కాబట్టి ఇథిలీన్ గ్యాస్ వాడతారు. దానికి ఫుడ్ సేఫ్టీ అథారిటీ 100 పీపీఎమ్ వరకు అనుమతిస్తుంది. అంటే పది లక్షల గాలి అణువులకు 100 ఇథిలీన్ అణువులు.

ఛాంబర్‌లో 18 డిగ్రీలు. గంటకు 10 క్యూబిక్ మీటర్ల తాజా గాలి లోపలికి వెళ్తుంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతే కాయ సరిగ్గా పండదు కాబట్టి ఆ గాలి ఆపకూడదు. గాలితో పాటు సిలిండర్ నుంచి ఇథిలీన్ సన్నగా వదలాలి. "ఏరా, మీటరు ఎంతలో పెట్టాలో ఫోన్లో చూసి చెప్పు" అన్నాడు బాబాయ్.

లెక్క ఇలా చేశాను

మోల్ అంటే ఒక లెక్క, అంతే. డజను అంటే 12 అయినట్టు, మోల్ అంటే 6.022 × 10²³ అణువులు. గంటకు ఎన్ని మోల్‌లు వెళ్తున్నాయో అదే మోలార్ ఫ్లో రేట్.

1. 18 డిగ్రీల దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో ఒక మోల్ గ్యాస్ 23.9 లీటర్లు ఆక్రమిస్తుంది. 10,000 లీటర్లను 23.9తో భాగిస్తే గాలి గంటకు 418 మోల్‌లు.
2. అందులో 100 పీపీఎమ్ అంటే ఇథిలీన్ గంటకు 0.0418 మోల్.
3. దాన్ని 60తో భాగిస్తే నిమిషానికి 0.000697 మోల్. మళ్లీ 23.9తో గుణిస్తే నిమిషానికి 16.7 మిల్లీలీటర్లు.

ఇది కరెక్ట్ ఆన్సర్. కానీ ఆ రోజు నేను బాబాయ్‌కి చెప్పింది 16.7 లీటర్లు! మూడో స్టెప్ యాప్‌లో చేశాను. అందులో డిఫాల్ట్‌గా ఉన్నది కిలోమోల్/గంట. నేను చూసుకోకుండా 0.0418 కొట్టేశాను. యాప్ తప్పేం లేదు, అడిగినదానికి సరిగ్గానే చెప్పింది.

బాబాయ్ మీటరు వంక చూసి, "ఏంట్రా, దీని మీద 100 మిల్లీలీటర్ల దాకే ఉంది. పదహారు లీటర్లు ఎక్కడ తిప్పమంటావ్?" అన్నాడు. అప్పుడు వెలిగింది.

వెయ్యి రెట్లు తేడా అంటే ఎంత ప్రమాదం?

నేను చెప్పినంత వదిలితే లోపలికి వెళ్లే గాలిలో ఇథిలీన్ సుమారు 9 శాతం ఉండేది. గాలిలో ఇథిలీన్ 2.7 శాతం దాటితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. ఫ్యాన్ స్విచ్ దగ్గర వచ్చే స్పార్క్ అయినా సరే. మీటరు చిన్నది కాబట్టి బతికిపోయాం.

మీ యాప్‌ని ఇలా టెస్ట్ చేయండి

ఇన్‌స్టాల్ చేయగానే ఈ మూడూ కొట్టి చూడండి:

• 1 కిలోమోల్/గంట = 0.278 మోల్/సెకను
• 1 మోల్/నిమిషం = 0.0167 మోల్/సెకను
• 1 పౌండ్-మోల్/గంట = 0.126 మోల్/సెకను

మూడోదాన్ని గమనించండి. పౌండ్-మోల్ అంటే 453.592 మోల్‌లు. 0.4536 అనే నంబర్ చాలామందికి గుర్తుంటుంది, కానీ అది కిలోమోల్‌లలో. మోల్ అనుకున్నారా, ఇక్కడా వెయ్యి రెట్లు తేడా.

ఇంకో చిన్న మెలిక

పాఠ్యపుస్తకంలోని 22.4 లీటర్లు 0 డిగ్రీల దగ్గర లెక్క. కొన్ని మీటర్లు ఆ "నార్మల్" లెక్కలోనే చూపిస్తాయి. అలాంటి మీటరైతే మన 16.7 బదులు 15.6 దగ్గర పెట్టాలి. గ్యాస్ అంతే, మారింది మీటరు భాష. కాబట్టి మీటరు ఏ ఉష్ణోగ్రతకు, ఏ గ్యాస్‌కు తయారైందో దాని లేబుల్ మీద చూడండి.

ఫైనల్‌గా

యాప్ ఆన్సర్‌ని ఎప్పుడూ ఇంకో దారిలో చెక్ చేయండి. ఇక్కడైతే సింపుల్: 10,000 లీటర్లలో పది లక్షలకు వంద వంతు అంటే గంటకు 1 లీటరు. దాన్ని 60తో భాగిస్తే అదే 16.7 మిల్లీలీటర్లు. ఇంకా నమ్మకం కుదరకపోతే సిలిండర్‌ని తూకం వేయండి. ఒక మోల్ ఇథిలీన్ 28 గ్రాములు కాబట్టి రోజంతా వదిలితే 28 గ్రాములే తగ్గాలి. కిలోల్లో తగ్గుతుంటే వెంటనే వాల్వ్ కట్టేయండి.

నేనైతే ఆ యాప్ డిలీట్ చేయలేదు. డిఫాల్ట్ యూనిట్ మోల్/గంటకి మార్చుకున్నాను. బాబాయ్ మాత్రం ఇప్పటికీ నేను నంబర్ చెప్పగానే, "లీటర్లా, మిల్లీలీటర్లా?" అని అడిగాకే నాబ్ ముట్టుకుంటాడు.