చెరిపిన చోటు

మా మేనల్లుడు తణుకులో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ముహూర్తాలు లేని నెలల్లో లినక్స్ నేర్చుకుంటున్నాడు. అందుకని అదే ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ పెట్టుకున్నాడు. రెంటికీ కలిపి వాడికున్నది 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే. మొన్న మాఘమాసంలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు.

“మామయ్యా, డిస్కు నిండిపోయిందని ఎడిటింగ్ ఆగిపోయింది. వర్చువల్ మెషీన్‌లోకి వెళ్ళి 40 జీబీ చెరిపేశాను. లోపల ఖాళీ అయినట్టే చూపిస్తోంది. బయటికొచ్చి చూస్తే ల్యాప్‌టాప్‌లో ఒక్క జీబీ కూడా పెరగలేదు. ఆ 40 ఏమైనట్టు?”

ఆ రాత్రికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ దాచుకున్న తాత్కాలిక ఫైళ్ళు, అంటే కాష్, తీయించి పని గట్టెక్కించాం. ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. కంప్యూటర్‌లో ‘చెరపడం’ అనే మాటకి అర్థం ఎక్కడ పుట్టిందో, తర్వాత ఎలా మారిందో చూస్తే తప్ప దానికి సరైన జవాబు చెప్పలేం.

కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం 1952లో ఒక చిన్న ప్రయోగశాల తెరిచింది. దాని పెద్ద రెనాల్డ్ జాన్సన్. ఆయన అంతకుముందు హైస్కూలు మాష్టారు. పెన్సిలు గుర్తుల్ని పసిగట్టి పరీక్ష పేపర్లు దిద్దే యంత్రం కనిపెట్టి ఆ కంపెనీలోకి వచ్చారు. అప్పట్లో వ్యాపార లెక్కలు చాలావరకు పంచ్ కార్డుల దొంతరల్లో ఉండేవి. ఒక ఖాతా చూడాలంటే దొంతరంతా తిరగెయ్యాలి. కావలసిన లెక్క దగ్గరికి నేరుగా వెళ్ళి చదివే యంత్రం కోసం జాన్సన్ బృందం నాలుగేళ్ళు కష్టపడింది. 1956 సెప్టెంబరులో ర్యామాక్ 305 బయటికి వచ్చింది. అందులోని డిస్కు పెట్టె టన్ను బరువు. ఒక్కొక్కటి 24 అంగుళాల వెడల్పున్న 50 పళ్ళేలు ఒకే ఇరుసు మీద నిమిషానికి 1200 చుట్లు తిరిగేవి. వాటి మీద ఐరన్ ఆక్సైడ్ రంగు పూత. ఆ రంగును మేజోడులో వడకట్టి, తిరుగుతున్న పళ్ళెం నడిమధ్య కాగితపు కప్పుతో పోసేవారు. తిరుగుడు వేగానికి అది అంచుదాకా సమానంగా పరుచుకునేది. ఇంత చేస్తే పట్టింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఫోనులో తీసిన ఒక ఫోటోకి సరిపడేంత.

మన కథకు కావలసిన సంగతి దాని పరిమాణంలో లేదు, రాసే పద్ధతిలో ఉంది. అయస్కాంతపు పూత మీద పాత గుర్తును తుడవనక్కర్లేదు. దాని మీదే కొత్త గుర్తు వేస్తే పాతది పోతుంది. అందువల్ల ఆ తర్వాత వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌లు దాదాపు అన్నీ ఒక సులువైన అలవాటు చేసుకున్నాయి. ఫైలు చెరపమంటే పట్టికలో దాని పేరు కొట్టేసి ఊరుకుంటాయి. అడంగల్‌లో పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో పంట మాయం కాదు కదా, అలాగే అక్షరాలన్నీ పళ్ళెం మీద యథాతథంగా ఉంటాయి. రేపు ఆ చోటు ఇంకొకరికి రాసిస్తే, వాళ్ళు వచ్చి దున్నుకుంటారు. పొరపాటున చెరిపిన ఫోటోల్ని షాపువాళ్ళు వెనక్కి తీసివ్వగలిగింది ఈ అలవాటు పుణ్యమే.

ఆ తర్వాతి యాభై ఏళ్ళు కుదింపు చరిత్ర. 1973లో పళ్ళేల్ని, రాసే తలల్ని ఒకే మూసిన పెట్టెలో బిగించిన వించెస్టర్ డ్రైవు వచ్చింది. 1980లో సీగేట్ చేసిన 5.25 అంగుళాల డ్రైవులో 5 ఎంబీ పట్టింది. ర్యామాక్ గదినిండా పరుచుకుని మోసిన బరువును అది ఒంటిచేత్తో ఎత్తుకుంది. 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రున్‌బెర్గ్ వేర్వేరుగా కనిపెట్టిన ఒక అయస్కాంత ధర్మం పదేళ్ళలోపే డిస్కు తలల్లోకి చేరి, గిగాబైట్లను కారుచౌక చేసింది. 2007లో వాళ్ళిద్దరికీ నోబెల్ వచ్చింది. ఇంత జరిగినా, పేరు కొట్టేసి ఊరుకునే ఆ అలవాటు మాత్రం మారలేదు.

ఆ అలవాటు సరిపోని పరిస్థితి తెచ్చినవారు జపాన్ దేశస్థుడు ఫుజియో మసుఓకా. తోషిబాలో పనిచేస్తూ 1984లో ఆయన ఒక కొత్త జ్ఞాపకపు చిప్‌ను ప్రకటించారు. దానికి పునాది అంతకుముందే పడింది. 1967లో బెల్ ల్యాబ్స్‌లో దావోన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ట్రాన్సిస్టర్ లోపల ఒక చిన్న లోహపు పొరను చుట్టూ బంధకంతో మూసి దాచారు. ఎక్కువ వోల్టేజి పెడితే ఎలక్ట్రాన్లు బంధకంలోంచి దూరి అందులో చేరతాయి. వోల్టేజి తీసేశాక దారి ఉండదు, లోపలే ఉండిపోతాయి. కరెంటు పోయినా గుర్తుండడం అంటే అదే. ఇలాంటి ట్రాన్సిస్టర్ ఒక్కొక్కటీ ఒక జ్ఞాపకపు గది. మసుఓకా ఆలోచన చెరిపే తీరులో ఉంది. ఒక్కో గదినీ విడిగా చెరిపే తీగలు పెడితే చిప్ పెద్దదవుతుంది, ఖరీదవుతుంది. ఆయన ఆ తీగలు తీసేసి, వేల గదుల్ని ఒక్క దెబ్బతో కలిపి చెరిపే ఏర్పాటు చేశారు. కెమెరా ఫ్లాష్ వెలిగినట్టు ఒక్కసారిగా చెరిగిపోతోందని తోటి ఉద్యోగి షోజి అరిఇజుమి దానికి ఫ్లాష్ అని పేరు పెట్టారు. 1987లో మసుఓకా గదుల్ని దండగుచ్చినట్టు వరసగా కలిపి ఇంకా చవకైన నాండ్ ఫ్లాష్ చేశారు. ఇవాళ మన ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో, ఎస్‌ఎస్‌డీల్లో ఉన్నది అదే. తన ఆవిష్కరణకు తగిన ప్రతిఫలం రాలేదని 2004లో ఆయన కంపెనీ మీద దావా వేశారు. 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్‌లకు రాజీ కుదిరింది. ప్రపంచమంతా జేబులో వేసుకు తిరుగుతున్న వస్తువుకు అది చాలా తక్కువని నాకనిపిస్తుంది.

ఆ చవక వెంట ఒక నియమం వచ్చింది. ఫ్లాష్‌లో రాసిన చోట మళ్ళీ రాయలేం. ముందు చెరపాలి. చెరిపితే పెద్ద భాగం మొత్తం చెరగాలి. ఎన్నికల రాతలు రాసిన గోడను తలచుకోండి. కొత్త నినాదం రాయాలంటే గోడంతా సున్నం కొట్టాలి. గోడను ఎస్‌ఎస్‌డీ భాషలో బ్లాక్ అంటారు, దాని మీది ఒక్కో గడిని పేజీ అంటారు. గడి కొన్ని కిలోబైట్లు, గోడ కొన్ని మెగాబైట్లు. గోడ మీద నాలుగు గళ్ళు పనికిమాలినవై, మిగతా గళ్ళలో కావలసిన రాత ఉంటే ఏం చెయ్యాలి? కావలసిన రాతంతా ఇంకో తెల్లగోడ మీదకు ఎక్కించుకుని, అప్పుడు దీనికి సున్నం వెయ్యాలి. ఎస్‌ఎస్‌డీలో ఉండే కంట్రోలర్ చిప్ రాత్రింబవళ్ళు చేసే చాకిరీ ఇదే. సున్నం కొట్టిన ప్రతిసారీ గోడ పెచ్చు కాస్త రాలుతుంది కాబట్టి, ఏ గోడకూ ఎక్కువ దెబ్బ తగలకుండా అన్నిటినీ వంతులవారీగా వాడుతుంది.

దీనికంతటికీ తెల్లగోడలు మిగిలి ఉండాలి. ఆ మాట తయారీదారులకు తెలుసు. చాలా డ్రైవుల్లో లోపలి చిప్పుల కొలత 1024 లెక్కన 512 ఉంటుంది, మన చేతికిచ్చేది వెయ్యి లెక్కన 512. మధ్యలో మిగిలే సుమారు 7 శాతం కంట్రోలర్ తన దగ్గరే ఉంచుకుంటుంది. మనం డిస్కును అంచుదాకా నింపితే దానికి ఆ 7 శాతమే దిక్కు. ఒక గడి రాయడానికి ముందు పది గళ్ళు మోసుకుపోవాల్సి వస్తుంది. పైగా ఇప్పటి చవక డ్రైవులు ఒక్కో గదిలో మూడు, నాలుగు బిట్లు ఇరికిస్తాయి. నాలుగు బిట్లంటే ఎలక్ట్రాన్లను 16 మట్టాలుగా కొలిచి నింపడం, నిదానమైన పని. అందుకని ఖాళీగా ఉన్న గదుల్లో ముందు ఒక్కో బిట్టే గబగబా రాసేసి, తీరికున్నప్పుడు సర్దుకుంటాయి. ఖాళీ తగ్గితే ఆ వసతి కూడా పోతుంది. అప్పుడు నాలుగు బిట్ల రకాల్లో కొన్ని సెకనుకు 100 మెగాబైట్ల దరిదాపుకు, అంటే పాత హార్డ్‌డిస్కు వేగానికి పడిపోతాయి. ల్యాప్‌టాప్ ముసలిదైపోయిందని జనం అనుకునే సందర్భాల్లో కొన్నిటికి కారణం ఇది. అరుగుదల గురించి అంత భయం అక్కర్లేదు. 1 టీబీ డ్రైవు మీద 600 టెరాబైట్ల రాతకు హామీ ఇవ్వడం మామూలే. రోజుకు 100 జీబీ రాసినా పదహారేళ్ళు పడుతుంది.

ఇక మేనల్లుడి ప్రశ్న. ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలు పేరు కొట్టేసి ఊరుకుంటే, ఆ గళ్ళు పనికిరానివైపోయాయని కంట్రోలర్‌కు తెలిసేదెలా? చాలాకాలం తెలిసేది కాదు. యజమాని వదిలేసిన రాతను కూడా అది జాగ్రత్తగా గోడ నుంచి గోడకు మోసేది. అందుకే ట్రిమ్ అనే ఆదేశం పుట్టింది. ‘ఈ చోటు మాకిక అక్కర్లేదు’ అని కింది చిప్‌కు కబురు చెప్పడమే దాని పని. విండోస్‌లో 2009లో, లినక్స్‌లో 2010లో చేరింది.

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. దాని డిస్కు మన ల్యాప్‌టాప్‌లో ఒక పెద్ద ఫైలు మాత్రమే. లోపలివాడు రాసేకొద్దీ ఆ ఫైలు పెరుగుతుంది. లోపలివాడు చెరిపితే తన పట్టికలో పేరు కొట్టేస్తాడు. హార్డ్‌డిస్కుల నాటి అలవాటే. ఆ కబురు బయటి ల్యాప్‌టాప్‌కు చేరదు. కనక ఫైలు తగ్గదు. వాడి 40 జీబీ ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది.

చిక్కు తెలిశాక మందు దొరికింది. మావాడు వర్చువల్ మెషీన్ నడిపే సాఫ్ట్‌వేర్ వర్చువల్‌బాక్స్. దాని అమరికలో డిస్కుకు డిస్కార్డ్ అనే వెసులుబాటు ఉంది. అది పెట్టి, లోపలి లినక్స్‌లో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ అనే ఆదేశం నడిపిస్తే కబురు బయటికి అందుతుంది. లేదంటే లోపలి ఖాళీనంతా సున్నాలతో నింపి, మెషీన్ ఆపి, బయటినుంచి కాంపాక్ట్ చెయ్యాలి. ఆ పనిలో ఉండగా మావాడు ప్రతి ప్రయోగానికీ ముందు తీసి మరిచిపోయిన స్నాప్‌షాట్లు ఆరు బయటపడ్డాయి. స్నాప్‌షాట్ తీస్తే పాత డిస్కు ఫైలు గడ్డకట్టినట్టు ఆగిపోతుంది, మార్పులన్నీ కొత్త ఫైలులోకి పోతాయి, పాతది తాను పట్టిన చోటు వదలదు. వాటిని తీసెయ్యబోతే ఇంకో సంగతి తెలిసింది. రెండు ఫైళ్ళను కలపడానికి కూడా కాసేపు అదనపు చోటు కావాలి. పూర్తిగా నిండిన డిస్కు మీద ఆ పని మొదలుపెట్టడం ప్రమాదం.

వీడియోల లెక్క వేరు. ఫోన్లో 4కే వీడియో, సెకనుకు 30 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో 83 లక్షల చుక్కలు, చుక్కకు మూడు బైట్లు. కుదించకుండా దాస్తే గంటకు 2.7 టీబీ. హెచ్‌ఈవీసీ అనే కుదింపు పద్ధతిలో అదే గంట 10 జీబీలో ఇమిడిపోతుంది. చాలా ఫ్రేముల్లో, ముందు ఫ్రేముతో ఉన్న తేడా మాత్రమే రాసుకుంటుంది కాబట్టి. చూడటానికి బాగానే ఉంటుంది. కోత పెట్టేటప్పుడు వస్తుంది కష్టం. హరికథ మధ్యలో వచ్చి కూర్చున్నవాడికి వెనకటి కథ చెప్తే తప్ప అర్థం కానట్టు, ఏ ఫ్రేము దగ్గర ఆగినా వెనక్కి వెళ్ళి లెక్కలు కట్టుకు రావాలి. అందుకే ప్రోరెస్ లాంటి ఎడిటింగ్ రకాల్లో ప్రతి ఫ్రేమూ తనకు తాను పూర్తిగా ఉంటుంది. పని చకచకా సాగుతుంది, 4కే గంట మాత్రం 265 జీబీ తింటుంది. మావాడు చేస్తున్నది అదే. అయిదు గంటల పెళ్ళిని ఆ రూపంలోకి మార్చాలని చూస్తున్నాడు, 512లో.

ప్రాక్సీలు, అంటే తక్కువ నాణ్యత నకళ్ళు, వాడమన్నాను. 1080 గీతల ప్రోరెస్ ప్రాక్సీ గంటకు 20 జీబీ. కోతలన్నీ దాని మీద పెట్టుకుని, చివర్లో ఫైనల్ తీసేటప్పుడు మాత్రం అసలు ఫుటేజికి మారాలి. ఆ అసలు బయటి డ్రైవులో ఉన్నా ఫరవాలేదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకునే కాష్‌ను పని పూర్తయిన రోజే తీసెయ్యాలి, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ పుట్టేదే అది. ఇప్పుడు వాడి ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ 80 జీబీకి తక్కువ కాకుండా ఖాళీ ఉంటోంది. ఇంకో ఫంక్షన్ ఎక్కించొచ్చు కదా అని స్టూడియో ఆయన అడిగితే, గోడల సంగతంతా ఓపిగ్గా చెప్పాడట.

పూర్తయిన పెళ్ళిళ్ళను మటుకు ఎస్‌ఎస్‌డీలో దాచొద్దని గట్టిగా చెప్పాను. లోపల బంధించిన ఎలక్ట్రాన్లు ఏళ్ళు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా జారిపోతాయి. హామీ ఇచ్చినంత రాతా రాసేసి బాగా అరిగిన డ్రైవు, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది నిలవాలన్నదే ఆ రంగంలో ప్రమాణం. మన గోదావరి జిల్లాల ఎండాకాలం 30 దగ్గర ఆగదు.

పోయిన ఆదివారం ఇద్దరం కూర్చుని ఈ ముహూర్తాల పెళ్ళిళ్ళన్నీ రెండు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ పెట్టాం. ఒకటి వాడింటి బీరువాలో, ఒకటి మా ఇంట్లో. వాటి మీద పెళ్ళివారి ఇంటిపేర్లు, తేదీలు రాశాడు. కాపీ అయ్యేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది. అంతసేపూ ఆ డిస్కులు బల్ల మీద సన్నగా హోరుమంటూనే ఉన్నాయి. ఐరన్ ఆక్సైడ్ రంగు పోయింది, 24 అంగుళాలు రెండున్నరకు దిగాయి, చుట్లు 1200 నుంచి 5400కు పెరిగాయి. పళ్ళెం మాత్రం తిరుగుతోంది.