పనిముట్లును పేటెంటు హక్కును

పార్వతీపురము చుట్టుపట్ల గ్రామములలో కమ్మరి కొలిమికడను, వడ్రంగి యింటి చావడిలోను పనిముట్లు నానాటికి మార్పు చెందుచునే యుండును. గొర్రు పళ్ళ యెడమును తన నేలకు తగినట్లు సవరించుకొనువా డొకడు. కొడవలి పిడికి వంపు మార్చువాడు మరొకడు. పాత సైకిలు చక్రమునకు ఇనుప పళ్ళు బిగించి కలుపు తీయు దంతెగా చేయువాడు వేరొకడు. ఇట్టి కల్పనలలో పెక్కు ఊరి పొలిమేర దాటవు. దాటిన వానికి చేసినవాని పేరు నిలువదు. సంతలో చూచిన వర్తకుడు దానినే పట్టణమున చేయించి యమ్ముకొనినచో, మొదటివానికి మిగులునది "ఆ యూహ నాది" యను మాట మాత్రమే. మరియొక వంక, సామగ్రిపై "పేటెంటు" అను ముద్ర చూచి అది ప్రభుత్వమువారి నాణ్యపు పూచీ యని తలచి హెచ్చు వెల యిచ్చు రైతులును కలరు. ఈ రెండు నష్టములకును మూలమొక్కటియే. పేటెంటనగా నేమో తెలియకుండుట. కావున సభ్యుల యుపయోగార్థము ఈ విషయమును సంగ్రహముగా వివరింప దలచితిమి.

పేటెంటు కౌలువంటిది

నూతనమైన యంత్రమునుగాని, పనిముట్టునుగాని, వస్తువును చేయు పద్ధతినిగాని కల్పించినవాడు దాని మర్మమును దాపరికము లేక వ్రాతమూలముగా ప్రభుత్వమునకు తెలుపవలెను. అందులకు ప్రతిఫలముగా, నియమితకాలము వరకు ఇతరులు దానిని చేయకుండ, వాడకుండ, అమ్మకుండ నిరోధించు హక్కు అతనికి లభించును. ఇదియే పేటెంటు. గడువు తీరగానే, కౌలు ముగిసిన భూమి సొంతదారుని చేరినట్లు, ఆ కల్పన లోకుల సొత్తగును. పేటెంటుదారు ఏటేట రుసుము చెల్లింపవలెను. చెల్లింపనిచో గడువునకు ముందే హక్కు రద్దగును.

దరఖాస్తునందు "క్లెయిములు" అను భాగము ముఖ్యమైనది. క్రయదస్తావేజునకు చతుస్సరిహద్దు లెట్టివో పేటెంటునకు క్లెయిము లట్టివి. హద్దులు మరీ యిరుకుగా వ్రాసినచో, పొరుగువాడు గట్టు ప్రక్కనుండియే దున్నుకొనును; అనగా స్వల్పమైన మార్పుతో అదే వస్తువును చేసికొనును. మరీ వెడల్పుగా వ్రాసినచో పరుల భూమి అందు కలియును. అట్టి పేటెంటు విచారణలో నిలువదు.

ఇంకొక మాట. పేటెంటు నూతనత్వమునకు గుర్తేగాని నాణ్యతకు గుర్తు కాదు. పేటెంటు పొందిన నాగలి మన నేలలో చక్కగా నడచునని యెవరును పూచీపడరు. పేటెంటు లేకయే ఉన్నదని ముద్ర వేసి యమ్ముట చట్టవిరుద్ధము. అట్టివారు జరిమానాకు పాత్రులు. కావున ముద్ర చూచి మోసపోక, పేటెంటు సంఖ్య నడిగి, వస్తువును పొలములో దింపి చూచిన పిమ్మటనే వెల నిర్ణయించుకొనవలెను.

మన దేశమున ఈ చట్టము

హిందూదేశమున ఈ విషయమై మొదటి చట్టము 1856లో పుట్టెను. ఆ సంవత్సరమే కలకత్తాలోని జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగు అను ఇంజనీరు తొలి దరఖాస్తు చేసెను. ఆయన కల్పించినది ఆవిరిబండియు కాదు, ఫిరంగియు కాదు. పంకా లాగు యంత్రము. దొరల గదులలో వ్రేలాడు పంకాలను కూలివారు త్రాటితో లాగుచుండిన దినములవి. ఆ చేతిపనికి యంత్రము కల్పించుటయే మన దేశపు మొదటి పేటెంటు విషయము. నిత్యజీవితమున కలుగు శ్రమనుండియే కల్పన పుట్టుననుటకు ఇది మంచి దృష్టాంతము. బ్రిటిషు రాణి ముందస్తు అనుమతి లేక చేయబడిన దగుటచే ఆ చట్టము రద్దయి, 1859లో సవరణలతో మరల వచ్చెను. 1888లో మరియొక చట్టమును, 1911లో పేటెంట్లు డిజైనుల చట్టమును వచ్చినవి. 1911 నాటి చట్టము 1912 జనవరి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి, దరఖాస్తుల విచారణకై కంట్రోలరను అధికారిని ఏర్పరచెను. అప్పుడు గడువు 14 సంవత్సరములు. 1930లో అది 16 సంవత్సరములయ్యెను. ఇప్పుడు అమలులోనున్నది 1970 నాటి చట్టము. ఇది 1972 ఏప్రిల్ 20నుండి నడచుచున్నది. 2002 నాటి సవరణచే గడువు దరఖాస్తు తేదీనుండి 20 సంవత్సరములుగా నిర్ణయింపబడినది.

గడువు తీరినవి మన యిండ్లలోనే కలవు

పాత పేటెంట్లనగా కాగితపు కట్టలని తలపరాదు. మన పెద్దలు చేత పట్టుకొని నడచిన హరికేను లాంతరు అట్టి దొకటి. అమెరికాలో జాన్ ఇర్విను అను నతడు 1868లో ప్రక్క గొట్టములుగల లాంతరును కల్పించెను. పిమ్మట కొలది సంవత్సరములకే, చల్లని గాలిని మంటకు చేర్చు రెండవ తరహా వచ్చెను. గాలివానలోను దీపము కొండెక్కకుండ నిలుచుటకు కారణము ఆ గొట్టములే.

బియ్యపు హల్లరు మరియొకటి. బ్రెజిలు దేశస్థుడగు ఎంగెల్బెర్గు అను నతడు పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున కాఫీగింజల పొట్టునకును, ధాన్యపు పొట్టునకును దీనిని కల్పించెను. చారలుగల ఇనుప రోలరు, దాని క్రింద చిల్లులుగల రేకు, ప్రక్కన ముందు వెనుకలకు జరుపదగిన ఇనుప బద్ద. దానిలోని భాగము లింతియే. గింజయు గింజయు నొరసికొని పొట్టు వీడును. నూక హెచ్చగుట, ఊకయు తౌడును కలగలిసి పోవుట దీని లోపములు. ఐనను భాగములు స్వల్పములగుటచే ఊరి మేస్త్రీయే బాగుచేయ గలుగును. హక్కు గడువు తీరిన పిమ్మట ఎవరికిని రాయల్టీ చెల్లింపక మన దేశపు కర్మాగారములే ఈ తరహా యంత్రములను చేసినవి. రోకటిపోటుతో అలసిన యిల్లాండ్రకు ఊరూర హల్లరు అందుటకు ఇదియు నొక కారణము.

దీనినుండి గ్రహింపదగిన దేమనగా, గడువు తీరిన ప్రతి పేటెంటును కొలతలతోను, పటములతోను కూడిన ఉచితమైన పాఠ్యగ్రంథము. వీనిని పేటెంటు కార్యాలయమువారి వెబ్‌సైటులో రుసుము లేకయే చదువవచ్చును. చోళ్ళు నూర్చుటకు, సామలు దంచుటకు, చింతపండు గింజ తీయుటకు, జీడిపిక్క పగులగొట్టుటకు మన ప్రాంతమున సాధనములు చేయదలచు యువకులు ముందు వీనిని పరికించినచో, లోకము ఇదివరకే కనుగొనిన దానిని మరల కనుగొను శ్రమ తప్పును.

పూర్వము లేనిదై యుండవలెను

బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ డన్లపు తన కుమారుని మూడుచక్రముల బండికై గాలి నింపిన రబ్బరు టైరును చేసి, 1888లో పేటెంటు పొందెను. రెండేండ్లకే ఆ పేటెంటు చెల్లదని తేలెను. ఏలయనగా, స్కాట్లండు దేశస్థుడగు రాబర్టు విలియం థాంసను అట్టి టైరునకే 1845లో పేటెంటు పొందియుండెను. థాంసను నాటికి నేటి సైకిలు లేదు. కావున ఆతని టైరు మరుగున పడెను. డన్లపు దానినెరుగక స్వయముగానే కనుగొనినను చట్టమున కది యొకటే. కల్పన ఎంత సొంతమైనను, అది ముందే వెల్లడియైన దైనచో హక్కు కలుగదు.

ఈ నియమమే మన పల్లెలవారికి ముప్పు తెచ్చునది. దరఖాస్తు చేయకముందు తానే సంతలో అమ్మినను, పత్రికలో పటము వేయించినను, సెల్లుఫోనులో చిత్రము తీసి పదిమందికి పంపినను, అది వెల్లడియైనట్లే. ఇతరులకే కాదు, కల్పించినవానికిని పేటెంటు దక్కకపోవచ్చును. కేంద్రప్రభుత్వము గెజెట్టులో ప్రకటించిన ప్రదర్శనములకు మాత్రము 12 నెలల మినహాయింపు కలదు. గుమ్మలక్ష్మీపురము సంతకుగాని, శంబర జాతరకుగాని అట్టి మినహాయింపు వర్తింపదు. కావున ముందు దరఖాస్తు, పిదప ప్రదర్శనము.

హక్కు మాత్రమే చాలదు

జాన్ కే అను ఆంగ్లేయుడు 1733లో మగ్గమునకు ఎగురు నాడెను కల్పించి పేటెంటు పొందెను. నేతగాని పని దానిచే మిక్కిలి వేగవంతమయ్యెను. కాని మిల్లుదారులు రాయల్టీ యీయక దానిని వాడుకొనిరి. వ్యాజ్యముల ఖర్చునకై తమలో చందాలు పోగుచేసికొనిరి. కే వ్యాజ్యములలో ధనమంతయు పోగొట్టుకొని ఫ్రాన్సు దేశమునకు పోయెను. కాగితముపై హక్కు ఉన్నను, దానిని నిలుపుకొను బలము ఒంటరివానికి లేదు. వ్యయమునకు వెనుదీయక పక్షము వహించు సమూహ మొకటి యుండవలెను. సహకారమున కిచ్చట చోటున్నది.

మన దేశమున ఇట్టి ప్రయత్న మొకటి జరిగినది. 1929లో గాంధీమహాత్ముని ప్రేరణచే అఖిల భారత చరఖా సంఘము మేలైన రాట్నము చేసినవారికి లక్ష రూపాయల బహుమానము ప్రకటించెను. వెల 150 రూపాయలకు మించరాదు. పల్లెటూరి స్త్రీ తన యింటనే సులభముగా త్రిప్పగలుగవలెను. గెలిచిన యంత్రముపై పేటెంటు హక్కు సంఘమునకు చెందవలెను. కల్పించినవానికి ధనము, ప్రజలకు సాధనము అందవలెనని దాని యుద్దేశము. నియమములన్నిటికి సరిపోవు రాట్నము రాలేదు కాబట్టి బహుమాన మెవరికిని దక్కలేదు. అటుపిమ్మట తమిళనాటి ఏకాంబరనాథను రూపొందించిన రాట్నము "అంబరు చరఖా" యను పేర వ్యాపించెను.

మన తెలుగువారిలో ఆలేరు సమీపమున శారాజీపేట గ్రామస్థుడు చింతకింది మల్లేశము గారి చరిత్ర ఎల్లరు తెలిసికొనదగినది. పోచంపల్లి తరహా పట్టుచీరెకు ఆసు పోయుటకై ఆయన తల్లి లక్ష్మిగారు చీరె కొక్కంటికి వేలకొలది మారులు చేయి చాచవలసివచ్చి, భుజము నొప్పితో బాధపడుచుండెను. ఆమె బాధ చూడలేక ఆయన యేండ్ల తరబడి కృషిచేసి 1999లో ఆసుయంత్రమును పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టెను. గంటల తరబడి సాగు పని గంటన్నరలో ముగియసాగెను. ఆ యంత్రమునకు పేటెంటును, 2017లో ఆయనకు పద్మశ్రీ బిరుదమును లభించినవి. ఇట్టి గ్రామీణ కల్పనలను గుర్తించి పేటెంటు విషయమున తోడ్పడుటకే 2000 సంవత్సరమున నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషను అను సంస్థ యేర్పడినది.

చట్టమున చెల్లునవి, చెల్లనివి

వ్యవసాయ పద్ధతులకు పేటెంటు లేదు. నారు నాటు క్రమమునకుగాని, అంతరపంటల కూర్పునకుగాని హక్కు కోరరాదు. ఆ నాటును సులభముచేయు యంత్రమునకు కోరవచ్చును. విత్తనములకును, మొక్కలకును ఈ చట్టము వర్తింపదు. వానికి 2001 నాటి వేరు చట్టము కలదు. తెలిసిన సాధనములను రెంటిని ప్రక్కప్రక్కన చేర్చి, ఏది పని అది చేయుచుండినచో అది నూతన కల్పన కాదు. కూడుటచే క్రొత్త ఫలము పుట్టవలెను.

తరతరములుగా వచ్చిన జ్ఞానమునకును పేటెంటు లేదు. అమెరికాలో పసుపునకు గాయములు మాన్పు గుణము కలదని చెప్పి 1995లో పేటెంటు పొందిరి. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పాత వ్రాతలను సాక్ష్యముగా చూపగా 1997లో అది రద్దయ్యెను. మన మన్యపు సవరలును, జాతాపులును ఎరిగిన మూలికలకును, సాధనములకును లిఖితమైన ఆధారముండుట ఎంత యవసరమో దీనిచే తెలియును. పరులెవరైన అట్టిదానికి దరఖాస్తు చేసినచో, అది ప్రకటింపబడిన పిదప పేటెంటు మంజూరగు లోపల ఎవరైనను ఆక్షేపణ తెలుపవచ్చును.

దరఖాస్తు క్రమము

ఆంధ్రప్రదేశమునకు చెన్నైలోని పేటెంటు కార్యాలయము వర్తించును. పని ఇంకను పూర్తికానిచో ముందు తాత్కాలిక వివరణ దాఖలుచేసి తేదీ సంపాదింపవచ్చును. 12 నెలలలోపల పూర్తి వివరణ పంపవలెను. ముందుగా దరఖాస్తు చేసినవానిదే ప్రాధాన్యము. సాధారణముగా 18 నెలల తరువాత దరఖాస్తు ప్రకటింపబడును. పరీక్షకై వేరుగా కోరవలెను. 2024 నాటి నిబంధనల ప్రకారము దానికి గడువు 31 నెలలు. వ్యక్తులకు ఆన్‌లైను దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు, పరీక్షకు 4,000 రూపాయలు. ఏజెంటును పెట్టుకొనినచో ఆతని రుసుము వేరు. ఈ హక్కు భారతదేశమున మాత్రమే చెల్లును.

సంఘములు చేయదగినది

సభ్యుడు క్రొత్త సాధనముతో వచ్చినచో కార్యదర్శి దానిని నలుగురి యెదుట పెట్టక, తేదీతోను, పటముతోను గోప్యముగా వ్రాసి యుంచవలెను. పిదప పాత పేటెంట్లను వెదకించి, అది నిజముగా క్రొత్తదేనా యని విచారింపవలెను. క్రొత్తదని తోచినచో, రుసుమును సంఘమే అప్పుగా నిచ్చి, దరఖాస్తు కల్పించినవాని పేరనే చేయించుట న్యాయము. హక్కు లభించిన పిదప సభ్యులకు తక్కువ వెలకు చేసి యిచ్చుటకు సంఘము లైసెన్సు పొంది, అమ్మిన ప్రతి సాధనముపై కొంత భాగము ఆతనికి చెల్లింపవచ్చును. క్రొత్తది కాదని తేలినను చింత లేదు. గడువు తీరిన దగుచో దానిని నిర్భయముగా చేసికొని వాడుకొనవచ్చును.

అప్పు ఇచ్చుట, ఎరువు పంచుట మాత్రమే సహకారము కాదు. తన చేతిపనిని నలుగురి మేలునకు తెచ్చిన కమ్మరికి పేరును, ఫలమును దక్కునట్లు చూచుటయు సంఘధర్మమే. సభ్యులు ఈ విషయమును తమ మహాజనసభలలో చర్చించి, తగిన తీర్మానములు చేసికొందురు గాక.